కెంటకీలో దావీదు పీపా

అమెరికా నుంచి వచ్చాక మొదటిసారి స్త్రీల కూటానికి వెళ్తే, అక్కడ మంచు పడిందా, విమానంలో ఏం పెట్టారు అని ఒక్కరూ అడగలేదు. "కరుణమ్మక్కా, నువ్వు సారా బట్టీకి వెళ్లొచ్చావంట కదా! తాగినోళ్లకి ప్రభువు బల్ల రొట్టె ఇవ్వొద్దని పాస్టరు గారితో పోట్లాడిన మనిషివి!" అని పట్టుకున్నారు. మా సుగుణ ఎవరికి రాసిందో ఏమో, కబురు నాకంటే ముందే రేపల్లె చేరింది.

వెళ్లాను. ఆ ఇంట్లో రెండు రాత్రులు పడుకున్నాను, వాళ్ల అన్నం తిన్నాను. నోటితో చెబితే తలా ఒక ముక్క పట్టుకుపోయి తలా ఒక కథ చేస్తారని ఇలా రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. చూసినదానిలో తప్పు లేదు.

షామ్‌బర్గ్ దాటాక

సుగుణ నా రెండో కూతురు. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. అదే వార్డులో పనిచేసే జోయన్ అనే తెల్లమ్మాయి దానికి స్నేహితురాలు. నలభై దగ్గర పడుతున్నా పెళ్లి చేసుకోలేదు. సుగుణ నన్ను పిలిచినట్టే తనూ "అమ్మా" అని పిలుస్తుంది. మన మాటల్లో ఆ ఒక్కటే వచ్చు దానికి.

"అమ్మా, వీకెండ్‌కి జోయన్ వాళ్ల ఊరు డ్రైవ్ చేస్తున్నాం. కెంటకీ. వాళ్ల నాన్నకి మొక్కజొన్న మిల్లుంది, చూద్దువుగాని రా" అంది సుగుణ. మిల్లంటే పిండిమర అనుకున్నాను. దారికి పులిహోర కలిపాను, ఆవకాయ సీసా మూతకి గుడ్డ కట్టాను. దారిలో కొనుక్కోవచ్చులేమ్మా అని సుగుణ గొణిగింది. ఇంట్లో బియ్యం ఉండగా రోడ్డు మీద కొనుక్కు తినడం నాకు చేతకాదు.

జొన్నచేలు, జొన్నచేలు, మళ్లీ జొన్నచేలు. అన్నీ మొక్కజొన్నలే. కోతకొచ్చి ఎండిపోయి ఉన్నాయి. ఎన్ని మైళ్లు పోయినా చేలో మనిషి కనిపించలేదు. మన వైపు కోతల రోజుల్లో గట్ల మీద ఎంత సందడి! ఇక్కడ ఒక్క యంత్రం, దాని మీద టోపీ పెట్టుకున్న ఒక్కడు.

ఒకచోట కాఫీకి ఆగాం. కప్పు అర డాలరు, అంటే మన అయిదు రూపాయలు. నాకొద్దన్నాను. ఎన్నిసార్లు పోయించుకున్నా అదే ధర అని జోయన్ చెప్పాక మనసు మార్చుకుని మూడుసార్లు పోయించుకున్నాను. ఆ రాత్రి నా కళ్లు మూతపడలేదు. చవగ్గా వచ్చింది కదా అని తాగితే జరిగేది అదే.

కారులోకి తిరిగి వచ్చేసరికి ఆవకాయ నూనె కారి వెనక సీటంతా ఎర్రబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. జోయన్ మాత్రం వేలితో అద్దుకుని నాకింది. ఏదో అని పకపకా నవ్వి, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాక ఉన్నట్టుండి కళ్లు తుడుచుకుంది.

"ఏందే, ఏడుస్తోంది? సీటు పాడైనందుకా?"

"కాదమ్మా. వాళ్ల నాన్న మిల్లు అమ్మేశాడు. మండే కొన్నవాళ్లు వచ్చేస్తారు. ఇల్లు కూడా ఆ స్థలంలోనే ఉంది. పేరెంట్స్‌ని తన అపార్ట్‌మెంట్‌కి తెచ్చుకుంటోంది. హెల్ప్ చేద్దామనే మనం వెళ్తున్నాం."

ముసలివాళ్లు ఇల్లు దిగిపోతుంటే నేను పులిహోర కట్టుకుని చూడడానికి బయలుదేరాను. ముందే చెబితే రాకపోదునని సుగుణ చెప్పలేదు. అది చెప్పనిది ఇంకొకటి ఉందని సాయంత్రానికి గాని తెలియలేదు.

దిగనన్న చోటు

ఒహాయో నది దాటితే కెంటకీ. మా రేపల్లె దగ్గర సముద్రంలో కలవబోయే కృష్ణంత వెడల్పు ఉంది. రంగూ అదే. బొగ్గు నింపుకున్న బల్లకట్లు మెల్లగా పోతున్నాయి. అవతల నేల ఎత్తుపల్లాలుగా మారింది. సన్నటి వాగు పక్కన మట్టిదారిలోకి కారు తిరిగింది.

మొదట వాసన కొట్టింది. పులిసిన కుడితి వాసన. తర్వాత మూడంతస్తుల చెక్క గోదాము కనిపించింది. దాని గోడలు, పక్కనున్న చెట్ల మానులు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. అగ్గి అంటుకుందేమో అనుకున్నాను. పిండిమర ఎక్కడా లేదు.

"ఇదేం మిల్లే సుగుణా?"

సుగుణ నా వైపు చూడలేదు. "విస్కీ తీస్తారమ్మా."

"విస్కీ అంటే?"

"మొక్కజొన్నలతో... సారా లాంటిదే. కాకపోతే లీగల్."

"నేను దిగను."

"అమ్మా, ప్లీజ్. సీన్ చెయ్యకు."

మా వీధి చివర సారా కొట్టు ఎన్ని కొంపలు ఆర్పిందో నాకు తెలుసు. కారు తలుపేసుకుని కూర్చున్నాను. జోయన్ తండ్రి వచ్చాడు. హార్లన్ ఆయన పేరు. తాటిచెట్టంత పొడుగు, కొంచెం వంగిన నడుము. టోపీ తీసి అద్దంలోంచి దండం లాంటిది పెట్టి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఆయన భార్య వచ్చింది. ఓపల్ అంటారు. నాకు ఓపలమ్మ అనడం అలవాటైపోయింది. నా వయసే ఉంటుంది. ఒక చేతిలో కుర్చీ, ఒక చేతిలో గాజు గ్లాసు. కుర్చీ కారు పక్కన వేసుకుని కూర్చుని గ్లాసు నాకిచ్చింది. చిక్కటి మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలిపి వేసి, చెంచా పెట్టింది. పొద్దున్నే జొన్నసంకటిలో మజ్జిగ పోసుకుని తిన్నట్టే ఉంది, ఉప్పొక్కటే తక్కువ. ఈ దేశం వచ్చాక నా కడుపు ఒప్పుకున్న మొదటి తిండి అది.

సుగుణ వచ్చి నిలబడి ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేర్చింది.

"నేను బాప్టిస్టు సంఘందాన్ని. ఈయన్ని కట్టుకున్నప్పటినుంచీ ఈ వాసనలోనే ఉన్నాను. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. ఈ కౌంటీలో దీన్ని అమ్మడానికి కూడా చట్టం ఒప్పుకోదు" అంది ఓపలమ్మ.

"తాగవు, అమ్మరు. మరి చేసేదెందుకు?"

"పెళ్లినాటినుంచీ ఆయన్ని నేనడిగేదీ అదే" అంది. ముఖంలో నవ్వు లేదు గాని గొంతులో ఉంది.

దిగాను. మజ్జిగ తాగి ఇంట్లోకి రానంటే మర్యాద కాదు.

రాత్రి భోజనం దగ్గర

ప్రార్థన చేసింది ఓపలమ్మే. నాకు నచ్చేంత పొడుగ్గా చేసింది. పచ్చి టొమాటోలు చక్రాల్లా కోసి, జొన్నపిండిలో ముంచి వేయించారు. మనం వాటితో పచ్చడి చేస్తామంటే జోయన్ నమ్మలేదు. ఉప్పులో ఊరేసిన పంది మాంసం మన ఉప్పుచేపకి అన్నలాంటిది. చిన్న ముక్కతో బోలెడు రొట్టె తినొచ్చు. పొదుపైన తిండే.

గోడల మీద పటాలు తీసేశారు. వాటి చోట్లు మాత్రం తెల్లగా మిగిలాయి. ఒక్క పటం దించలేదు. అందులో మిలిటరీ బట్టల్లో ఒక కుర్రాడు, జోయన్ ముక్కే.

తింటూ తింటూ హార్లన్ చెంచా కింద పెట్టాడు. "రేపు మన పనివాళ్లు చివరిసారి వస్తారు ఓపల్. రాతిగది తాళంచెవి ఇవ్వు."

"ఇవ్వను."

"సోమవారం తర్వాత ఈ స్థలంలో ఉన్న ప్రతి పుల్లా వాళ్లదే. జోయన్ ఇంట్లో పీపాకి చోటు లేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు దాన్ని తాగుతాడు. అది నీకిష్టమా?"

"వాడిది. ఎవ్వరూ తాగరు." ఓపలమ్మ లేచి, ఎంగిలి కంచాలు తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. హార్లన్ వరండాలోకి వెళ్లాడు. మేం ముగ్గురం మిగిలాం. జోయన్ చెబుతుంటే సుగుణ నాకు చెప్పింది.

ఆ కుర్రాడు జోయన్ అన్న. డేవిడ్. మన భాషలో దావీదు. వాడు పుట్టిన వారమే హార్లన్ ఒక పీపా నింపి, వాడి పెళ్లికి తెరవాలని పక్కన పెట్టాడు. ఆ వైపు కొందరు తండ్రులకు అదొక ఆనవాయితీ అట. తర్వాత పన్ను కట్టి, గోదాములోంచి పెరట్లో రాతిగదికి మార్చుకున్నాడు. ఒకప్పుడు అందులో మాంసం పొగబెట్టేవాళ్లు. దావీదు వియత్నాం వెళ్లాడు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఓపలమ్మ ఆ గదికి తాళం వేసి, చెవి తన దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ తలుపు తెరుచుకోలేదు.

"నాన్నకి తెరవాలని. అమ్మకి వద్దని. ఈ అమ్మకం సంగతి మాట్లాడుకున్నారు గాని, దీని సంగతి ఈ రోజుదాకా వాళ్లు నోరెత్తి మాట్లాడుకోలేదు" అంది జోయన్.

నల్లగోడల లోపల

తెల్లారాక హార్లన్ బట్టీ చూపిస్తానన్నాడు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లాను.

నిలువెత్తు చెక్క తొట్లు, అన్నీ ఖాళీవి. జొన్నపిండి ఉడకేసి వీటిలో పులియబెడతారు. ఇడ్లీ పిండి పొంగినట్టు బుడగలు తేలతాయట. పాత పులుపు కొంచెం ఉంచి కొత్తదానిలో కలుపుతారు. వాళ్ల తాత నాటినుంచీ ఒకదానిలోది ఒకదానికి అలా నడిచింది.

"మనం పాలకి తోడు పెట్టినట్టే కదే!" అన్నాను సుగుణతో. "మరి చివరిదానిలో తోడు తీసి ఉంచారా?"

సుగుణ అడిగింది. హార్లన్ తొట్టి అంచు మీద చెయ్యి వేసి, "ఎవరికోసం ఉంచను? పోయిన వారం ఆవులకి పోశాను" అన్నాడు.

నాకు ఆ మాట తగిలింది. తోడు లేని ఇల్లు నాకు తెలియదు. ఒక ఇంట్లో విరిగితే పక్కింటికి గిన్నె పట్టుకుపోతాం. ఈయనకి గిన్నె పట్టుకుపోవడానికి పక్కిల్లు లేదు. చుట్టుపక్కల ఇలాంటి చిన్నవన్నీ ఇంతకుముందే మూతపడ్డాయట. ఇప్పటి కుర్రాళ్లు రంగులేనివీ తేలికవీ తాగుతున్నారు, ఏళ్ల తరబడి పీపాల్లో దాచినది ఎవరికీ అక్కర్లేదు అన్నాడు. తాగుడులోనూ పాతదానికి గతి లేదన్నమాట.

గోదాములో పీపాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మంచి ఓకు చెట్టు కర్ర. లోపల కాల్చి నల్లగా చేస్తారు. ఒక్కసారి వాడాక ఈ సరుకుకి ఆ పీపా మళ్లీ పనికిరాదంటే, "ఒక్కసారేనా! మా అత్తగారి ఇత్తడి బిందె ఇప్పటికీ నీళ్లు మోస్తోందని చెప్పవే ఆయనకి" అన్నాను. హార్లన్ మొదటిసారి నవ్వాడు.

ఆయన వేలి కణుపుతో ఒక పీపా మీద కొట్టాడు. కిందివైపు మందంగా మోగింది, పైవైపు డొల్లగా. కర్రలోంచి ఏటేటా కొంత గాల్లో కలిసిపోతుందట. ఆ ఆవిరి తిని పెరిగే బూజే గోడల మీది నలుపు. అందుకే దేన్ని ఎప్పుడు తెరవాలో ఆ ఏడు తెరిచెయ్యాలి అన్నాడు.

"దావీదుది ఎంత ఉంటుంది?" అని అడిగించాను.

ఆయన పీపా మీద ఉన్న చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

వరండాలో చిక్కుళ్లు

ఓపలమ్మ వరండాలో చిక్కుళ్లు ఈనె తీస్తోంది. రేపో మాపో ఇల్లు ఖాళీ చేసే మనిషి పెరట్లో మిగిలిన చివరి కాయ కూడా కోసుకొచ్చింది. నేను పక్కన కూర్చుని సగం ఒళ్లో వేసుకున్నాను. చేతులు పనిలో పడ్డాక అడిగింది.

"కరుణా, నువ్వు సంఘం మనిషివి. తాగుడంటే కారు దిగనిదానివి. నువ్వే చెప్పు. ఆ పీపా తెరవకపోవడమే మంచిది కదా?"

సుగుణ ఆ మాట చెప్పి, తెలుగులో తనది ఒక ముక్క కలిపింది: "అమ్మా, అవునని చెప్పెయ్యి. ఎందుకొచ్చింది."

అవునంటే సరిపోయేది. నా నమ్మకానికీ అదే తగినట్టుండేది. కానీ ఆవిడ అడిగింది సారా గురించి కాదు.

"మా ఇళ్లల్లో వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తాం" అన్నాను. "అది దేవుడిది. పస్తున్నా ముట్టుకోం. ఆదివారం గుళ్లో ఇచ్చేస్తాం. పక్కన పెట్టడం సగమే ఓపలమ్మా, ఇవ్వడం మిగతా సగం. ఇవ్వకుండా దాచుకుంటే పురుగు పడుతుంది. పురుగుపట్టినవి దేవుడికీ కావు, మనిషికీ కావు."

ఆవిడ చేతులు ఆగాయి. "బియ్యం సంగతి నాకెందుకు? నీకు బిడ్డ పోయాడా?"

సుగుణ ఆ మాట తెలుగులోకి తెచ్చింది.

"పోయాడని చెప్పు" అన్నాను. "దీనికి పైవాడు, ఆనందు. జ్వరంలో పోయాడు. క్రిస్మసుకి కుట్టించిన నీలం గీతల చొక్కా ఒక్కసారే తొడిగాడు. వారం తిరక్కుండా ఆ చొక్కా తీసుకెళ్లి చెప్పులు కుట్టే యోహాను కొడుక్కి ఇచ్చాను. నా ఆడపడుచులు రాతిగుండె అన్నారు. మంచి గుడ్డ, పెట్టెలో పెడితే చిమటలు తింటాయి అన్నాను. వాడు ప్రతి ఆదివారం అదే తొడుక్కుని నా ముందు వరసలో కూర్చునేవాడు."

"చూసి ఎలా తట్టుకున్నావు?"

"తట్టుకోవడమేముంది? చూశాను. వాడు పెరిగి చొక్కా పట్టకుండా పోయేదాకా చూశాను. నాకు మిగిలింది అదే. పెట్టెలో పెట్టుంటే అదీ ఉండేది కాదు."

సుగుణ మొత్తం చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. చివర నా వైపు తిరిగి, "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అంది.

"నువ్వెప్పుడు అడిగావే?"

ఓపలమ్మ మళ్లీ కాయలు అందుకుంది. మధ్యాహ్నం వడ్డించేటప్పుడు హార్లన్ కంచంలో రొట్టె పక్కన తాళంచెవి పెట్టింది. ఆయన దాన్ని చూసి, తినడం పూర్తయ్యేదాకా ముట్టుకోలేదు.

రాతిగది ముందు

పొద్దు వాలకముందే పనివాళ్లు వచ్చారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిపి ఓ అరడజను మంది, అందరూ నెరిసినవాళ్లే. చర్చి బట్టలు వేసుకుని, ఎవరి కప్పు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నారు.

తాళం తుప్పు పట్టి రాలేదు. నూనె పోసి, సుత్తితో తట్టి తీశారు. హార్లన్ లోపలికి వెళ్లాడు. నిండు పీపాని దొర్లించడానికి ఇద్దరు మగాళ్లు కావాలని పొద్దున ఆయనే చెప్పాడు. దీన్ని ఒక్కడే, ఒక్క చేత్తో దొర్లించుకుంటూ వచ్చాడు. పనివాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఓపలమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

బిరడా తీసి రాగి గొట్టం దింపితే ఏమీ అందలేదు. పీపాని ఎత్తి వంచితే నల్లటి ద్రవం జాడీలోకి దారంలా పడింది, చింతపండు పులుసు మాడితే వచ్చే రంగులో. జాడీ అడుగున బెత్తెడు కూడా నిండకుండానే ధార ఆగిపోయింది. ఒక మనిషి వయసంతా దాచింది, అంతే.

హార్లన్ ప్రతి కప్పులో అడుగు తడిచేంత పోశాడు. జోయన్‌కీ పోశాడు. నా వైపు చూసి, జాడీ పక్కకి తిప్పి తల వంచాడు. నేనూ తల వంచాను.

"డేవిడ్" అన్నాడు. అందరూ తాగారు.

ఎవరూ చప్పరించలేదు. అందరికంటే పెద్దవాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. జోయన్ మా సుగుణ చెవిలో ఏదో అంది. "ఒట్టి చెక్క కషాయంలా ఉందటమ్మా. పాడైపోయిందట. ఎప్పుడో తెరవాల్సిందట" అని సుగుణ నా చెవిలో వేసింది.

ఓపలమ్మ మొగుడి ముఖమే చూస్తోంది. "ఎలా ఉంది?"

హార్లన్ కప్పులోకి చూశాడు. "నా చేత్తో తీసినవాటిలో ఇంత మంచిది లేదు ఓపల్."

"అవునమ్మా" అన్నాడు కళ్లు మూసుకున్న పెద్దాయన. "అవునమ్మా" అన్నారు మిగతావాళ్లు.

ఓపలమ్మ చెయ్యి చాపింది. "నాకూ పొయ్యి."

"నీకు అలవాటు లేదు. వద్దులే."

"వాడి పెళ్లినాడు ఒక్క గుక్క తాగుతానని వాడికి మాటిచ్చాను. వెళ్లేముందు రోజు వంటగదిలో నన్ను ఎత్తి గిరగిరా తిప్పి మరీ చెప్పించుకున్నాడు. పొయ్యి."

ఆయన జాడీలో మిగిలిందంతా ఆవిడ కప్పులోకి వంచాడు. ఓపలమ్మ మందు తాగినట్టు గబుక్కున మింగలేదు. కొంచెం కొంచెంగా, అయిపోయేదాకా తాగింది. ఆవిడ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. మొదటిసారి తాగిన మనిషి, అదీ మగవాళ్లే తట్టుకోలేకపోయినదాన్ని.

"బాగుంది హార్లన్" అంది.

ఆయన రాతిగోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పనివాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. ఇద్దరు ముగ్గురు నా చెయ్యి కూడా పట్టుకున్నారు, ఆ ఇంటి మనిషిననుకుని. నేను కాదనలేదు.

చీకటి పడకముందే గిన్నెలు కడిగెయ్యాలని జాడీ, హార్లన్ కప్పు, జోయన్ కప్పు తీసుకున్నాను. ఓపలమ్మ కప్పు ఆవిడ ఒళ్లోనే ఉంది, అడుగున ఇంకా నల్లగా తడి ఉంది. కడుగుతానని చెయ్యి చాపాను. ఆవిడ రెండు చేతులతో దాన్ని పొట్టకి ఆనించుకుని, ఇవ్వలేదు.